గొట్టానికి వేసిన మాటు

చాచక్,
9 జూన్ 1974

వూకోమన్ మావయ్యకు,

ముందు శుభవార్త, తర్వాత తిట్లు. తిట్లు నీకు కాదులే, ఫ్యాక్టరీకి.

నవంబర్ మొదటి ఆదివారం నా పెళ్ళి. పెర్సిదా వాళ్ళమ్మ చివరికి ఒప్పుకుంది. "రేడియేటర్లకి టంకం వేసుకునేవాడికి నా పిల్లనిస్తానా" అని ఏడాది పాటు మొహం తిప్పుకున్న మనిషి, మొన్న తనే పిలిచి కాఫీ పోసి, "పోనీలే, తాగుబోతు కాదు, నోటి దురుసే కదా" అంది. అంతకన్నా మంచి మాట ఆవిడ నోట ఇక రాదని పెర్సిదా అంటోంది.

కాబట్టి మావయ్యా, ఆ పీపాకి వేళయింది. నేను సైన్యం నుంచి తిరిగొచ్చిన ఏడు ప్లమ్ సారా కాచి, మల్బరీ చెక్క పీపాలో పోసి, బిరడా మీద మైనం కరిగించి, "ఇది నీ పెళ్ళిదాకా ఎవడూ ముట్టుకోకూడదు" అన్నావే, అదే. నాన్న పోయాక నాకంటూ ఊళ్ళో ఉన్న ఆస్తి ఆ పీపా ఒక్కటే. మన ఆచారం ప్రకారం సారా బుడ్డి మెడలో వేసుకుని పెళ్ళి పిలుపుకి గడప గడపకీ తిరిగేటప్పుడు అందులో ఆ సరుకే ఉండాలి. మన ఊరి వాగుడుకాయ మిలెంతి లాంటి వాడు కూడా ఒక గుక్క వేసి, ఒక్క క్షణం నోరు మూసుకోవాలి.

ఇక తిట్లు. మా షాపులో నలభైమందిమి కరిగిన సీసం మీద వంగి పని చేస్తాం. పొగ లాగే ఫ్యాను మార్చి నుంచి తిరగడం లేదు. అడిగితే ఫోర్‌మన్ పాలు తాగమంటాడు. రోజుకి అర లీటరు ఇస్తారు, సీసానికి విరుగుడట. పాలే విరుగుడైతే డాక్టర్లెందుకు, ఆవుల్ని పెట్టుకుంటే సరిపోయె. నా పక్కన పనిచేసే తీహోమిర్‌కి చలికాలం నుంచి పొట్టలో మెలిపెట్టే నొప్పి. ఒక్కోసారి వారం రోజులు విరేచనం కాదు. మొహం సున్నం కొట్టినట్టయింది. డాక్టరు మూడు నెలలు అల్సరే అన్నాడు. నేను లైబ్రరీలో పుస్తకం తిరగేసి, వాడి పెదవి పైకెత్తి చూశాను. చిగుళ్ళ అంచున నల్లటి నీలి గీత. సీసం ఒంట్లో చేరిందనడానికి అదే గుర్తు. ఇప్పుడు వాడి కుడి మణికట్టు వాడిపోయిన కాడలా వేలాడుతోంది. చెంచా ఎత్తలేడు. ముప్పయ్యొక్కేళ్ళు వాడికి.

మీటింగులో లేచి "డైరెక్టర్‌గారి చిగుళ్ళు కూడా ఒకసారి చూద్దాం" అన్నాను. నన్ను రెండు వారాలు గిడ్డంగి ఊడవడానికి వేశారు. ఊడుస్తున్నాను. నోరు మాత్రం వాళ్ళ చేతిలో పెట్టలేదు.

అత్తయ్యకి చెప్పు, ఆవిడ పంపిన పుల్ల చెర్రీల జాడీ పెర్సిదాకి తెగ నచ్చింది. సారా నాకు వదిలేసి, నానిన పళ్ళు చెంచాతో తింటోంది.

నీ
రాంకో

*

ద్రెనోవా,
23 జూన్

ఒరే రాంకో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి పెళ్ళి కోసం, రెండుసార్లు ఆ సీసం గోల కోసం.

పెళ్ళి మాట విని మీ అత్తయ్య ఏడ్చింది, తర్వాత కోడిని కోసింది. ఆవిడకి సంతోషమైనా దుఃఖమైనా వరస అదే. పిల్లని ఒకసారి తీసుకురా. పట్నం పిల్ల, మా బురద చూసి నిన్ను వదిలి పారిపోతుందేమోనని మా భయం.

ఒక సంగతి అడగాలి. మన ఆవు నీళ్ళు తాగే బకెట్టుకి అడుగున ఒక మాటు ఉంది. ఎవరు వేశారో, దేనితో వేశారో గుర్తు లేదు. ఆ చిగుళ్ళ గీత పొగ పీల్చినవాళ్ళకే వస్తుందా, తాగినా వస్తుందా? కాస్తే పోతుందా? చాలాకాలం కదపకుండా నిలవుంచితే అడుక్కి దిగుతుందా? ఆవు కోసమే అడుగుతున్నాను. మంచి ఆవు.

చేతిరాత చూసి నవ్వకు. గడ్డి కోతలో కొడవలి తిప్పీ తిప్పీ మణికట్టు బెణికింది. పొట్టనొప్పి పాతదే.

ఆ చెర్రీ జాడీ పారేయి. పళ్ళు చెడిపోయాయట, మీ అత్తయ్య అంటోంది. పెర్సిదాని ఇక ఒక్క పండు కూడా తిననివ్వకు. నవ్వులాటకి రాయడం లేదు.

మీ
మావయ్య

*

చాచక్,
2 జూలై

మావయ్యా,

పెళ్ళి కుదిరిందని రాస్తే ఆవు గురించి అడిగే మేనమామ నాకొక్కడికే ఉంటాడు. సరే, విను.

తాగినా వస్తుంది. కాస్తే పోదు. నిలవుంచితే దిగదు. మామూలు నీళ్ళకి అంత భయం లేదు గానీ, పులుపు తగిలిందంటే మాత్రం అది సీసాన్ని మేక క్యాబేజీని తిన్నట్టు తింటుంది. వెనిగరు, పులిసిన పళ్ళరసం, ఏదైనా సరే. పుస్తకంలో ఒక పేజీ అంతా ఇదే ఉంది. ఆ బకెట్టు మాటు కళాయి పోసే ఇబ్రో వేసి ఉంటే నిశ్చింతగా ఉండు, ముసలాడు తగరం తప్ప ఇంకోటి ముట్టడు. ఆవుకి వెనిగరు తాగించకు, చాలు.

అన్నట్టు, మన సారా కాగు గొట్టం ఎలా ఉంది? నేను బాగుచేసి ఈ శరత్తుకి రెండేళ్ళు. ఒక్క చుక్కయినా కారుతోందా? కారదు. సారా ఆవిరి చల్లారి దిగే ఆ చుట్టల గొట్టం పగిలినప్పుడు ఊరంతా కొత్తది కొనమన్నారు. నేను ఒక్క పూటలో మాటు వేసి ఇచ్చాను. ఫ్యాక్టరీలో ఈ రెండేళ్ళలో వేసిన వేల మాట్లలో నాకు చూపించుకోవాలనిపించేది అదొక్కటే.

చెర్రీలు చెడిపోలేదు. పెర్సిదా సగం తినేసింది, బాగానే ఉంది. సారాలో నానిన పండు చెడిపోవడం నేనెక్కడా వినలేదు. నువ్వూ వినలేదు.

పీపా తీసుకెళ్ళడానికి అక్టోబర్లో బండి మాట్లాడుతున్నాను.

రాంకో

*

ద్రెనోవా,
20 జూలై

రాంకో,

బండి మాట్లాడకు. పీపా కారిపోయింది. ఇనప పట్టీ తుప్పు పట్టి తెగింది. కొట్లోకి వెళ్ళేసరికి నేలంతా తడి. ఏం చేస్తాం.

పెళ్ళికి వైను చాలు. ఈ ఏడు నేను బట్టీ వెలిగించను. ఒంట్లో ఓపిక లేదు.

చెర్రీలు పారేశావా? అది రాయలేదు నువ్వు.

మావయ్య

*

చాచక్,
11 ఆగస్టు

వూకోమన్‌గారికి,

గారు అని ఎందుకన్నానో అర్థమయ్యే ఉంటుంది.

శనివారం సంతలో మిలెంతి కనిపించాడు. మిరపకాయలు అమ్ముకుంటున్నాడు. "పీపా కారిపోయిందటగా" అన్నాను. ఆయన నవ్వాడు. "కారిపోవడమా? మీ మావయ్యే బిరడా పీకి, తోట చివరికి దొర్లించుకెళ్ళి గోతిలో వంచాడు. నా కళ్ళతో చూశాను. మూడు రోజులు కందిరీగలు తూలుతూ తిరిగాయి" అన్నాడు. అత్తయ్య చెర్రీ జాడీలు, పచ్చి అక్రోటు కాయల జాడీలు, సారా పోసి కిటికీలో ఎండకి పెట్టినవన్నీ కూడా అందులోనే వంచావట. ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. విన్నది చాలు.

నోటితో చెప్పొచ్చు కదా? పెర్సిదా నీకు నచ్చలేదు. మిల్లులో నూలు వడికే పిల్ల, తండ్రి లేడు, పొలం లేదు. అందుకే "పట్నం పిల్ల" అన్నావు. అందుకే ఆమె నోట్లోంచి చెర్రీ పండు కూడా లాక్కోవాలనుకున్నావు. అది చాలక నా పీపా మట్టికి తాగించావు. నాన్న చచ్చిపోయిన రోజు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక నుంచి నీ తరఫున నేనున్నాను" అన్నది ఎవరు? ఏ తరఫు అది?

పీపా పోతే పోయింది. కాగు ఇవ్వు. సెప్టెంబర్లో ప్లమ్ పళ్ళు రాలగానే నేనే వచ్చి కాచుకుంటాను. మూత చుట్టూ పిండి మెత్తడం నుంచి, ఘాటు తెలియడానికి సీసా ఊపి పైన బుడగల దండ ఎంతసేపు నిలుస్తుందో చూడడం దాకా అన్నీ నువ్వు నేర్పినవే. గొట్టం ఎలాగూ నేను బాగుచేసిందే. దాని మీద నాకు హక్కుంది.

అదీ ఇవ్వనంటే పెళ్ళికి రాకు. నా బుడ్డి నీ గడప తొక్కదు.

ఇంకో మాట. నీ రాత కోడి కెలికినట్టుంది. తాగి ఉత్తరాలు రాయకు.

రాంకో

*

ద్రెనోవా,
25 ఆగస్టు

రాంకో,

కాగు ఇవ్వను. గొట్టం లేదు. గొడ్డలితో ముక్కలు చేసి పాతేశాను.

పిలవకపోతే రాను. బుడ్డి ఎక్కడికి వెళ్ళాలన్నది మోసేవాడి ఇష్టం.

పెర్సిదాని నేను చూడలేదు. నిన్ను భరిస్తోందంటే బంగారమే అయ్యుంటుంది. జాడీ పారేశావా లేదా, అది మాత్రం రాయి. ఒక్క ముక్క చాలు.

మావయ్య

*

చాచక్,
29 సెప్టెంబర్

మావయ్యా,

జాడీ పారేశాను. ముందు అది చదువుకుని ఊపిరి పీల్చుకో. తర్వాత మిగిలింది చదువు.

నీ ఆఖరి ఉత్తరాన్ని నేను చింపబోయాను. పెర్సిదా లాక్కుంది. జూన్లో వచ్చినదాన్ని తీసి దాని పక్కన పరిచింది. చాలాసేపు చూసి, "ఇది తాగినవాడి రాత కాదు" అంది. "అక్షరాలన్నీ వెనక్కి వాలాయి చూడు. మీ మావయ్యది ఎడమ చేతివాటమా?"

"కాదు."

"మరి కుడి చేతికి ఏమైంది?"

కొడవలికి బెణికిన మణికట్టు ఆగస్టు దాకా బెణికే ఉంటుందా? పాత పొట్టనొప్పి. రోజూ నా ఎదురుగా తీహోమిర్ చెయ్యి వేలాడుతోంది, మావయ్యా. ఊళ్ళో అందరి చిగుళ్ళూ చూస్తానని మీటింగుల్లో అరిచాను. నీ ఉత్తరం నా చేతిలో పట్టుకుని కూడా చూడలేకపోయాను.

మర్నాడే సంతకి పరిగెత్తాను. మిలెంతిని పట్టుకుని "మా మావయ్య పీపా ఎందుకు వంచాడు?" అని అడిగాను.

"ఇప్పుడడుగుతున్నావా? ఆ రోజు చెప్పబోతే నా మిరపకాయల బుట్ట తన్ని పోయావుగా" అన్నాడు. తర్వాత చెప్పాడు. మన కాగు అడిగి తీసుకుని సారా కాచుకున్న మూడు ఇళ్ళకీ నువ్వు వెళ్ళావట. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డావట. "గొట్టానికి రాంకో వేసిన మాటు ఆ ఏడే ఊడితే, సంతలో కొన్న ఏదో టంకంతో నేనే మళ్ళీ వేశాను. అది సీసం. రెండేళ్ళ సరుకూ పారబోయండి" అన్నావట. "మా ఆవిడ చలికాలమంతా పొట్ట పట్టుకుని మెలికలు తిరిగింది. నేను పారబోశాను, మీ మావయ్య మొహాన ఉమ్మేశాను కూడా. ఇప్పుడు ఊళ్ళో ఆయన్ని ఎవరూ పలకరించడం లేదులే" అన్నాడు మిలెంతి. ఆ మాట తలదించుకుని అన్నాడు.

నువ్వు సంతలో ఏమీ కొనలేదు. ఆ టంకం కడ్డీ నేను తెచ్చాను. ఫ్యాక్టరీ నుంచి, బూటులో దాచి. కొత్తగా చేరిన రోజులు. గేటు దగ్గర తనిఖీ చేసేవాడి ముందు నుంచి నడుస్తుంటే మడమ కింద ఆ కడ్డీ గుచ్చుకుంటున్నా, మావయ్యకి కానుక పట్టుకెళ్తున్నానని గర్వం. ఆ శరత్తులో ఇబ్రో కాగుకి కళాయి పోయడానికి వచ్చి, నా మాటు మీద గోటితో గీకాడు. "మెత్తగా ఉంది అబ్బాయ్, గోరు దిగుతోంది. నా తగరం ఇలా గీత పడదు. విప్పేయి, నేను మళ్ళీ వేస్తాను" అన్నాడు. నేనేమన్నాను? "నీ గాడిద డెక్కలకి కళాయి పోసుకో తాతా, ఇది ఫ్యాక్టరీ పని" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు, గుర్తుంది. కానీ నా మాటే నిలబెట్టావు.

జూలైలో నీకు రాసిన ఉత్తరం ఇప్పుడు నా కళ్ళ ముందే తిరుగుతోంది. పులుపు సీసాన్ని తింటుందని ఒక పేరాలో రాశాను. నా గొట్టం ఎలా ఉందని కింద పేరాలో రాశాను. ఆ రెంటికీ మధ్య ఒక్క వేలెడు ఖాళీ. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి ఆ వేలెడు దాటలేకపోయాను. నాలుగో క్లాసు చదివిన నువ్వు ఆవుని అడ్డం పెట్టుకుని దాటావు.

నా మంచం కింద ఆ పీపా నింపగా మిగిలిన సారా ఒక సీసా ఉంది, నువ్వు క్రిస్మస్‌కి ఇచ్చింది. తీహోమిర్‌ని చూసే ఆసుపత్రి ప్రయోగశాలలో ఇచ్చి పరీక్ష చేయించాను. ఉంది. పెర్సిదా రక్తం కూడా చూశారు. ఉంది, తక్కువే. ఇక తినకపోతే మెల్లగా తగ్గుతుందని డాక్టరు అంటున్నాడు. తగ్గిన రోజు నమ్ముతాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మీ మావయ్య నన్ను కాపాడబోతే నువ్వు ఆయన్ని తిట్టావు" అంది. అది ఒక్క మాట కాదు, వంద.

ఇప్పుడు విను. నేను నిన్ను క్షమించమని అడగడం లేదు. నాకు నీ మీదే కోపంగా ఉంది. నా తప్పు నువ్వెందుకు తీసుకున్నావు? నేను ఫ్యాక్టరీలో కడ్డీ దొంగిలించాను, నువ్వు నా దగ్గర నా తప్పు దొంగిలించావు. రెండూ ఒకటే. నాది నాకు తిరిగి ఇచ్చేయి.

మంగళవారం బస్సుకి నువ్వూ అత్తయ్యా రావాలి. బెల్‌గ్రేడ్‌లో ఈ జబ్బుకే వార్డు ఉంది. సీసాన్ని ఒంట్లోంచి లాగే సూదిమందు ఇస్తారు. తీహోమిర్ వేళ్ళు మళ్ళీ కదులుతున్నాయి. రాకపోతే నేనే వచ్చి భుజాన వేసుకుని తీసుకెళ్తాను. తమాషాకి అనడం లేదని నీకు తెలుసు.

బస్సెక్కే ముందు, రాబోయే ఆదివారం సహకార దుకాణం ముందు అందరూ చేరినప్పుడు ఈ ఉత్తరం గట్టిగా చదివించు. బూటులో దాచిన సంగతితో సహా.

రాంకో

*

బెల్‌గ్రేడ్, ఆసుపత్రి నుంచి,
13 అక్టోబర్

ఒరే రాంకో,

మీ అత్తయ్య చేత రాయిస్తున్నాను. ఎడమ చేతి రాత చూసి కూడా తాగుబోతు రాత అనే మేనల్లుడున్నాడు నాకు, ఎందుకొచ్చిన గొడవ.

సూదులు పొడుస్తున్నారు. పొట్ట నొప్పి తగ్గింది. చెయ్యి ఇంకా వేలాడుతూనే ఉంది. వస్తుందో రాదో క్రిస్మస్ దాటితే గాని చెప్పలేమన్నారు. రాకపోతే నా దగ్గర ఇంకొకటుంది.

(కప్పు పట్టుకోబోయి రోజుకొకటి పగలగొడుతున్నాడు. అది రాయవద్దన్నాడు, రాశాను. అత్తయ్య.)

ఎందుకు చెప్పలేదన్నావు. నువ్వు మూత బిగించిన కాగువి రా. పిండి మెత్తిన సందులోంచి కూడా ఆవిరి చిమ్ముతావు. ఇంత మంట నీ కింద పెడితే ఏమవుతావో అని భయం. అదొక్కటే కాదు. ఆ గొట్టం బాగుచేసిన రోజు నువ్వు మొదటి ధార కింద వేలు పెట్టి, చుక్క కారడం లేదని చూసి నవ్వావు. మీ నాన్న పోయాక నువ్వు నవ్వడం నేను చూసింది అదే. రెండేళ్ళు నేను రోజూ పొద్దున్నే తాగింది కూడా ఆ నవ్వు కోసమేననుకో. దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. తప్పే. మీ అత్తయ్య కూడా తప్పే అంటోంది, గట్టిగా.

నీది నీకు ఇచ్చేస్తున్నాను. కానీ ఉత్తరం చదివించలేదు, చదివించను. నీకు నోరుంది, జిల్లా మొత్తానికి తెలుసు. బుడ్డి కూడా ఉంది. పెళ్ళి పిలుపుకి ఎలాగూ గడప గడపా ఎక్కాలి. అక్కడ చెప్పు.

బుడ్డిలో ఏం పోయాలన్నది అడుగుతావు. కొట్లో పొయ్యి వెనకాల గోడలో ఒక ఇటుక వదులుగా ఉంటుంది. దాని వెనక ఒక సీసా ఉంది. మీ నాన్నా నేనూ చివరిసారి కలిసి కాచింది, గొట్టం పగలక ముందుది. అదొక్కటే మిగిలింది. బుడ్డికి సరిగ్గా సరిపోతుంది.

మామూలుగా అయితే తాగిన ప్రతి ఇంటివాడూ తన సారా పోసి బుడ్డి మళ్ళీ నింపుతాడు. ఆ మూడు ఇళ్ళలో పోయడానికి ఏమీ లేదు. మనవల్లే లేదు. కాబట్టి ఆ మూడు ఇళ్ళకే ముందు వెళ్ళు, బుడ్డి తగ్గుతుంటే తగ్గనీ. మొదట మిలెంతి ఇల్లు. గేటు దగ్గరే నిలబడి, వాళ్ళావిడని కూడా బయటికి పిలువు. చెప్పాల్సింది చెప్పు. బూటు సంగతి కూడా. తర్వాత వాళ్ళ కళ్ళ ముందు ముందుగా నువ్వు తాగు. తర్వాత బుడ్డి చాపి, చాచిన చెయ్యి అలాగే ఉంచు. తొందరపడకు. అరవకు. పుచ్చుకుంటే పెళ్ళికి వచ్చినట్టు. పుచ్చుకోకపోతే టోపీ తీసి దణ్ణం పెట్టి పక్కింటికి వెళ్ళు.

పెర్సిదాని వెంట తీసుకెళ్ళు. అది ఆచారం కాదు. అయినా తీసుకెళ్ళు.

ఇబ్రో ఎక్కడ గుడారం వేశాడో కనుక్కుని వాణ్ణీ పిలువు. వాడొక్కడే మనల్ని చూసి నవ్వొచ్చు, నవ్వనీ.

మా ఇల్లు ఆఖరున. నెలాఖరుకి పంపేస్తామన్నారు, గేటు దగ్గర కూర్చుని ఉంటాను. నన్ను తాగొద్దన్నాడు డాక్టరు, మీ అత్తయ్య పక్కనే కూర్చుని వింటోంది. అంచేత గుక్కలు లెక్కచూసుకోకు, అడిగినవాళ్ళకి అడిగినంత పొయ్యి. ఖాళీ బుడ్డే ఇవ్వు నాకు. ఎడమ చేత్తో పుచ్చుకుంటాను.

మీ
మావయ్య